వర్చువల్ మెషిన్ లేచింది, నెట్‌వర్క్ మాత్రం రాలేదు: చిన్న సర్వర్‌లో లోపం పట్టుకునే వరుస

కోవూరు వైపు రైస్ మిల్లులు, ఇందుకూరుపేట దగ్గర రొయ్యల మేత డిపోలు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలు, ఒంగోలులో చిన్న కాలేజీలు. ఇలాంటి చోట్ల ఆఫీసు మూలన ఒక చిన్న సర్వర్ ఉంటుంది. దాంట్లో ప్రాక్స్‌మాక్స్ గానీ, డెబియన్ లేదా ఉబుంటు లినక్స్ మీద కేవీఎం గానీ నడుస్తుంటుంది. ఒకే సర్వర్‌లో చాలా కంప్యూటర్లను సాఫ్ట్‌వేర్‌తో నడిపేవి ఇవి. లోపల రెండు మూడు వర్చువల్ మెషిన్లు (వీఎంలు, అంటే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లు): ఒకటి అకౌంట్లకు, ఒకటి ఫైళ్లకు, ఒకటి కెమెరాల రికార్డింగుకు.

ఇవి చూసుకునే కుర్రాళ్ల నుంచి ఎప్పుడూ వచ్చే ప్రశ్న ఒకటే: "అన్నా, వీఎం లేస్తా ఉంది, నెట్ మాత్రం రావట్లేదు. ఏం మార్చాల?"

ముందు ఏమీ మార్చొద్దు. పాకెట్ (నెట్‌వర్క్‌లో పోయే డేటా ముక్క) ఏ మెట్టు దగ్గర ఆగిందో తేలేదాకా కాన్ఫిగరేషన్ ఫైలు ముట్టుకోవద్దు. ఒక లోపం మీద మూడు మార్పులు చేస్తే నాలుగు లోపాలవుతాయి, ఆ తర్వాత ఏది అసలుదో ఎవరికీ తెలీదు.

కమాండ్లను ఇక్కడ పలికే తీరులో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడండి, పెద్దవి కావాల్సిన చోట చెప్పాను.

## 1. చెయ్యి పెట్టకముందు

సర్వర్‌కు మానిటరు, కీబోర్డు తగిలించండి. నెల్లూరులో కూర్చుని చీమకుర్తి సర్వర్ బ్రిడ్జ్‌ను (మెషిన్లను బయటి నెట్‌వర్క్‌కు కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్) ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి కమాండ్లిచ్చే దారి) మారిస్తే, తప్పు జరిగిన క్షణంలోనే లైను తెగుతుంది. దూరం నుంచే చేయక తప్పకపోతే, అక్కడ సర్వర్ పక్కన ఒక మనిషిని నిలబెట్టి ఫోన్‌లో ఉంచండి.

ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగులు చూసే నెట్‌ప్లాన్‌కు "నెట్‌ప్లాన్ ట్రై" ఉంది కదా, 120 సెకన్లలో ఓకే చెప్పకపోతే పాత సెట్టింగు తనే తెస్తుంది కదా అనుకుంటారు. మామూలు నెట్‌వర్క్ కార్డుకైతే నిజమే. కానీ బ్రిడ్జ్‌కు, బాండ్‌కు (రెండు కార్డుల్ని ఒకటిగా కలపడం) ప్రత్యేక పారామీటర్లు రాసి ఉంటే అది వెనక్కి తేలేదు. మనం ఎక్కువగా ముట్టుకునేది బ్రిడ్జ్‌నే కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు.

కాపీలు తీసే చోట కూడా జాగ్రత్త. నెట్‌ప్లాన్ తన ఫోల్డరులో యామల్ ఎక్స్‌టెన్షన్ ఉన్న ప్రతి ఫైలునూ చదివి, అన్నిటినీ కలిపేస్తుంది. పాత ఫైలును అదే ఫోల్డరులో "పాతది.యామల్" అని దాచుకుంటే అది కూడా అమలవుతుంది. ఒకే కార్డుకు రెండు ఐపీలు ఎక్కడివని జుట్టు పీక్కునే కేసుల్లో చాలావాటికి మూలం ఇదే. కాపీ ఎప్పుడూ రూట్ హోమ్ ఫోల్డరులో, తేదీ పేరుతో పెట్టండి.

సిద్ధంగా ఉన్నామా?

☐ కన్సోల్ అందుబాటులో ఉంది, రూట్ పాస్‌వర్డ్ పనిచేస్తోంది
☐ కాన్ఫిగరేషన్ ఫైళ్ల కాపీ వేరే ఫోల్డరులో ఉంది
☐ "ఐపీ అడ్రస్", "ఐపీ రూట్", "బ్రిడ్జ్ లింక్" ఇప్పుడు చూపించేది ఫైల్లో దాచాం
☐ యూపీఎస్ బ్యాటరీ కనీసం అరగంట నిలుస్తుంది
☐ బిల్లింగ్ కౌంటర్ వాళ్లకు ముందే చెప్పాం

## 2. పాకెట్ నడిచే దారి కాగితం మీద

కౌంటర్ కంప్యూటర్ నుంచి వర్చువల్ మెషిన్‌కు దారి ఇది:

కౌంటర్ కంప్యూటర్ → స్విచ్ → సర్వర్ ఫిజికల్ కార్డు (ఈనో1 లాంటిది) → బ్రిడ్జ్ (బీఆర్0, ప్రాక్స్‌మాక్స్‌లో వీఎంబీఆర్0) → ట్యాప్ (మెషిన్‌ను బ్రిడ్జ్‌కు కలిపే సాఫ్ట్‌వేర్ తీగ; వీనెట్0, ప్రాక్స్‌మాక్స్‌లో ట్యాప్100ఐ0) → వర్చువల్ మెషిన్ లోపలి కార్డు.

పొలానికి నీళ్లు రాకపోతే తూము దగ్గర మొదలుపెట్టి గట్టు వెంబడి నడుచుకుంటూ వస్తాం. గండి ఎక్కడ పడిందో కళ్లతో చూశాకే పార పట్టుకుంటాం. ఇక్కడా అదే పని.

ప్రతి మెట్టు పక్కన దాని పేరు, మ్యాక్ అడ్రసు (కార్డు సొంత గుర్తు సంఖ్య), ఐపీ ఉంటే ఐపీ రాయండి. లిబ్‌వర్ట్ (కేవీఎం మెషిన్లను నడిపించే సాఫ్ట్‌వేర్) తయారుచేసిన మెషిన్ల మ్యాక్ సాధారణంగా 52:54:00తో మొదలవుతుంది. అదే మెషిన్ ట్యాప్‌కు హోస్ట్ (మెషిన్లను మోసే సర్వర్) వైపు చూస్తే ఎఫ్ఈ:54:00 అని ఉంటుంది. అది తప్పు కాదు, లిబ్‌వర్ట్ కావాలనే అలా పెడుతుంది. బ్రిడ్జ్ తన సొంత మ్యాక్‌గా సభ్యుల్లో అన్నిటికన్నా చిన్నదాన్ని తీసుకునే అవకాశం ఉంది. ట్యాప్ మ్యాక్ పెద్దదైతే, మెషిన్ లేచినప్పుడల్లా బ్రిడ్జ్ మ్యాక్ మారిపోయే గొడవ ఉండదు.

## 3. మొదటి మెట్టు: వైరు, కార్డు

"ఎత్‌టూల్ ఈనో1" కొట్టండి. చివర్లో లింక్ డిటెక్టెడ్ ఎస్ అని ఉండాలి. స్పీడ్ 1000 ఉండాల్సిన చోట 100 కనిపిస్తే కేబుల్‌ను అనుమానించండి. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు జతలు చాలు. 100కు అక్కర్లేని జత పాడైతే లైను చావదు, నీరసంగా నడుస్తుంది.

సముద్రం పక్కన ఉన్న హేచరీల్లో, మేత గోడౌన్లలో ఉప్పుగాలికి జాక్ పిన్నులు పచ్చబారుతాయి. టార్చి వేసి చూడండి. తుడిస్తే నాలుగు రోజులు నడుస్తుంది, కొత్త జాక్ కొట్టడమే సరైన పని.

కార్డు పేరు మారిందేమో కూడా చూడండి. సర్వర్‌లో కొత్తగా ఒక పీసీఐ కార్డు పెడితే నిన్నటి ఈఎన్‌పీ3ఎస్0 ఇవాళ ఈఎన్‌పీ4ఎస్0 కావచ్చు. కాన్ఫిగరేషన్ పాత పేరునే వెతుక్కుంటూ ఉంటుంది. మ్యాక్ అడ్రసును బట్టి పేరు కట్టేసే లింక్ ఫైలు సిస్టమ్‌డీలో (లినక్స్ సర్వీసులను నడిపేది) రాసుకుంటే ఈ బాధ మళ్లీ రాదు.

## 4. రెండో మెట్టు: బ్రిడ్జ్

"బ్రిడ్జ్ లింక్" కొడితే బ్రిడ్జ్‌లో ఎవరెవరు ఉన్నారో కనిపిస్తుంది. ఫిజికల్ కార్డు, నడుస్తున్న ప్రతి మెషిన్ ట్యాప్ అందులో ఉండి తీరాలి.

ఎక్కువగా కనిపించే తప్పు: ఐపీ అడ్రసును ఫిజికల్ కార్డు మీద వదిలేయడం. కార్డు బ్రిడ్జ్‌లో చేరాక దానికి సొంత ఐపీ ఉండకూడదు. హోస్ట్ ఐపీ బ్రిడ్జ్ మీదే ఉండాలి. డెబియన్‌లో సరైన రూపం ఇది:

ఆటో ఈనో1
ఐఫేస్ ఈనో1 ఐనెట్ మాన్యువల్

ఆటో బీఆర్0
ఐఫేస్ బీఆర్0 ఐనెట్ స్టాటిక్
అడ్రస్ 192.168.1.10/24
గేట్‌వే 192.168.1.1
బ్రిడ్జ్_పోర్ట్స్ ఈనో1
బ్రిడ్జ్_ఎఫ్‌డీ 0

మామూలు డెబియన్‌లో బ్రిడ్జ్-యుటిల్స్ ప్యాకేజీ లేకపోతే ఈ వరుసలన్నీ ఉన్నా బ్రిడ్జ్ పుట్టదు. నెట్‌ప్లాన్ వాడేవాళ్లు ట్యాబ్ కీ ముట్టుకోకండి, యామల్‌లో ఖాళీలన్నీ స్పేస్‌తోనే.

మరికొన్ని:

- వైఫై కార్డును బ్రిడ్జ్‌లో పెట్టి మెషిన్లకు నెట్ ఇవ్వాలని చూస్తారు. మామూలు క్లయింట్‌గా కలిసిన వైఫై కార్డు మరొకరి మ్యాక్‌తో ఫ్రేములు పంపలేదు, యాక్సెస్ పాయింట్ ఒప్పుకోదు. కేబుల్ లాగండి, లేదా నాట్ (మెషిన్లన్నీ హోస్ట్ ఐపీతోనే బయటికెళ్లే పద్ధతి) వాడండి.
- బ్రిడ్జ్‌లో ఎస్‌టీపీ (పాకెట్లు లూప్‌లో తిరక్కుండా కాపాడేది) ఆన్‌లో ఉండి ఫార్వర్డ్ డిలే 15 సెకన్లు ఉంటే, పోర్టు పనిచేయడానికి 30 సెకన్లు పడుతుంది. ఈలోపు మెషిన్ డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే సర్వీసు) అడిగి, జవాబు లేక ఊరుకుంటుంది. సర్వర్‌కు స్విచ్‌కు ఒకే కేబుల్ ఉంటే ఎస్‌టీపీ ఆపేసి డిలే 0 పెట్టండి.
- బాండ్ చేయకుండా రెండు కార్డుల్నీ ఒకే బ్రిడ్జ్‌లో వేసి, రెండు కేబుళ్లనూ ఒకే స్విచ్‌కు పెడితే లూప్ పడుతుంది. ఆఫీసు మొత్తం ఆగిపోతుంది, స్విచ్ లైట్లన్నీ ఒకేసారి ఆగకుండా మెరుస్తాయి. ఒక కేబుల్ పీకండి, తర్వాత ఆలోచించండి.
- కొత్తగా బ్రిడ్జ్ కట్టాక హోస్ట్‌కు వేరే ఐపీ వచ్చిందంటే, బ్రిడ్జ్ మ్యాక్ ఫిజికల్ కార్డు మ్యాక్‌కు వేరుగా ఉండొచ్చు. రూటర్‌లో రిజర్వేషన్ పాత మ్యాక్ మీదే ఉంటుంది. హోస్ట్‌కు ఎప్పుడూ స్టాటిక్ (చేత్తో పెట్టిన, మారని) ఐపీయే ఇవ్వండి.

## 5. మూడో మెట్టు: ట్యాప్, దాని వెనకున్న మెషిన్

హోస్ట్‌లో చిన్న మార్పు చేసి నెట్‌వర్కింగ్ సర్వీసును రీస్టార్ట్ చేస్తారు. హోస్ట్ బాగానే ఉంటుంది, మెషిన్లన్నీ చచ్చిపోతాయి. కారణం: బ్రిడ్జ్ కూలి మళ్లీ లేచింది, ట్యాప్‌లు మాత్రం దానికి తిరిగి అతుక్కోలేదు. "బ్రిడ్జ్ లింక్"లో ట్యాప్ కనిపించదు. మెషిన్‌ను పూర్తిగా ఆపి లేపితే అతుక్కుంటుంది. లోపల్నుంచి రీబూట్ చేస్తే చాలదు. అంత సమయం లేకపోతే "ఐపీ లింక్ సెట్ వీనెట్0 మాస్టర్ బీఆర్0" సరిపోతుంది. ప్రాక్స్‌మాక్స్‌లో సర్వీసు రీస్టార్ట్ జోలికి పోకుండా "ఐఎఫ్‌రీలోడ్ -ఏ" వాడండి.

క్లోన్ చేసిన మెషిన్లలో రెండు చిక్కులు. మొదటిది, రెండిటికీ ఒకే మ్యాక్: ఒకటి నడిస్తే ఇంకోటి తెగుతుంది, నిమిషానికోసారి మారుతుంటుంది. రెండోది అంత తేలిగ్గా దొరకదు. మ్యాక్ మార్చినా రెండిటికీ ఒకే ఐపీ వస్తుంటే, లోపలి మెషిన్-ఐడీ ఫైలు ఒకటే అయి ఉంటుంది. ఉబుంటు సర్వర్ డీహెచ్‌సీపీ అడిగేటప్పుడు మామూలుగా మ్యాక్‌ను కాకుండా ఆ ఐడీ నుంచి తయారైన గుర్తును చూపిస్తుంది. ఆ ఫైలును ఖాళీ చేసి రీబూట్ చేస్తే కొత్తది పుడుతుంది.

విండోస్ మెషిన్‌లో కార్డు మోడల్‌ను ఈ1000 నుంచి వర్టియోకు మారిస్తే, పాత కార్డు దాక్కుని ఉండి తన స్టాటిక్ ఐపీని పట్టుకునే ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో దాగిన పరికరాలు చూపించమని చెప్పి, పాతదాన్ని తీసేయండి. వర్టియో డ్రైవర్ ముందే ఎక్కించుకోండి, లేకపోతే కార్డే కనిపించదు.

## 6. నాలుగో మెట్టు: టీసీపీడంప్‌తో కళ్లారా చూడటం

టీసీపీడంప్ అంటే కార్డు మీదుగా పోయే పాకెట్లను తెర మీద చూపించే కమాండ్. ఇది నేర్చుకుంటే మిగతా సగం పని తగ్గుతుంది. మూడు కిటికీలు తెరవండి: ఒకటి ఫిజికల్ కార్డు మీద, ఒకటి బ్రిడ్జ్ మీద, ఒకటి ట్యాప్ మీద. కమాండ్ మూడింటికీ ఒకటే, పేరు మారుతుంది:

టీసీపీడంప్ -ఎన్ -ఈ -ఐ ఈనో1 ఏఆర్‌పీ ఆర్ ఐసీఎంపీ

తీర్పు చెప్పేవి ఫిజికల్ కార్డు, ట్యాప్.

కౌంటర్ కంప్యూటర్ నుంచి మెషిన్‌కు పింగ్ పెట్టి చూడండి. మొదట ఏఆర్‌పీ (ఐపీని బట్టి మ్యాక్ అడిగే పద్ధతి) ప్రశ్న వస్తుంది: 192.168.1.20 ఎవరిది, 192.168.1.55కు చెప్పండి అని. దానికి జవాబు, ఆ తర్వాత పింగ్.

- ఫిజికల్ కార్డు మీద ప్రశ్నే కనిపించలేదు: లోపం సర్వర్ బయట ఉంది. కేబుల్, స్విచ్, వీల్యాన్ (ఒకే స్విచ్‌ను విడి నెట్‌వర్క్‌లుగా చీల్చే పద్ధతి) చూడండి.
- ఫిజికల్ మీద ఉంది, ట్యాప్ మీద లేదు: ట్యాప్ బ్రిడ్జ్‌లో లేదు, లేదా వీల్యాన్ వడపోత ఆపుతోంది.
- ట్యాప్ మీదా ఉంది, జవాబు లేదు: మెషిన్ లోపల చూడండి. ఐపీ తప్పు, కార్డు డౌన్, డ్రైవర్ లేదు.
- ఏఆర్‌పీ రెండువైపులా నడుస్తోంది, పింగ్ మాత్రం ఫిజికల్ దగ్గర కనిపించి ట్యాప్ దగ్గర మాయమవుతోంది: హోస్ట్ ఫైర్‌వాల్. కింది మెట్టు చదవండి.
- పింగ్ ట్యాప్ దాకా చేరింది, జవాబు రాలేదు: లోపలి విండోస్ ఫైర్‌వాల్. విండోస్ తన అలవాటుగా పింగ్‌కు జవాబివ్వదు. పింగ్ రాలేదని నెట్‌వర్క్ లేదనుకోవద్దు. హోస్ట్‌లో "ఐపీ నెయిబర్" కొట్టి ఆ ఐపీ పక్కన మ్యాక్ కనిపిస్తే అది బతికే ఉంది.

## 7. ఐదో మెట్టు: ఫైర్‌వాల్, ముఖ్యంగా డాకర్

కోవూరు దగ్గర ఒక మిల్లులో అకౌంట్ల మెషిన్ ఉన్నట్టుండి కౌంటర్లకు అందడం మానేసింది. హోస్ట్ నుంచి పింగ్ చేస్తే చక్కగా జవాబు వస్తోంది. "సర్వర్ మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు సార్" అన్నాడు గుమస్తా. టీసీపీడంప్ పెడితే ఏఆర్‌పీ ప్రశ్న, జవాబు శుభ్రంగా నడుస్తున్నాయి. ఆ వెంటనే వచ్చిన పింగ్ ఈనో1 మీద వరసగా కనిపిస్తోంది, ట్యాప్ కిటికీలో ఒక్క గీత కూడా లేదు.

ముందురోజు కెమెరాల కోసం వచ్చినవాళ్లు హోస్ట్ మీదే డాకర్ (ప్రోగ్రాములను కంటైనర్లలో, అంటే విడి పెట్టెల్లో నడిపేది) ఎక్కించి వెళ్లారు. కారణం అదే.

డాకర్ వస్తూనే సాధారణంగా ఐపీటేబుల్స్‌లో (లినక్స్ ఫైర్‌వాల్) ఫార్వర్డ్ పాలసీని డ్రాప్‌కు మారుస్తుంది, అంటే సర్వర్ మీదుగా దాటిపోయే పాకెట్లను పారేయమంటుంది. బీఆర్_నెట్‌ఫిల్టర్ మాడ్యూల్ లోడ్ అయి ఉంటే బ్రిడ్జ్ మీదుగా పోయే పాకెట్లు కూడా ఆ నియమాల కిందికే వస్తాయి. హోస్ట్ నుంచి మెషిన్‌కు వెళ్లేవి ఫార్వర్డ్ కిందికి రావు కాబట్టి అవి నడుస్తాయి. ఏఆర్‌పీని ఐపీటేబుల్స్ చూడదు కాబట్టి అదీ నడుస్తుంది. అందుకే ఈ లోపం మనిషిని అంతగా తిప్పుతుంది.

నిర్ధారించుకోవడానికి "ఐపీటేబుల్స్ -ఎల్ ఫార్వర్డ్ -ఎన్ -వీ" కొట్టండి (ఎల్, ఫార్వర్డ్ రెండూ పెద్ద అక్షరాల్లో). పాలసీ డ్రాప్ అని ఉండి, పక్కన పాకెట్ల లెక్క పింగ్‌తో పాటే పెరుగుతుంటే దొంగ దొరికినట్టే.

తక్షణ మందు: డాకర్-యూజర్ (ఇదీ పెద్ద అక్షరాల్లో) అనే చైన్‌లో, అంటే నియమాల వరుసలో, బీఆర్0 నుంచి వచ్చి బీఆర్0కే పోయే పాకెట్లను అనుమతించే ఒక్క నియమం చేర్చడం. రీబూట్ అయితే అది పోతుంది, కాబట్టి డాకర్ తర్వాత నడిచే సిస్టమ్‌డీ యూనిట్‌లో పెట్టండి. బ్రిడ్జ్-ఎన్ఎఫ్-కాల్-ఐపీటేబుల్స్‌ను 0 చేసేయమని కొందరు చెప్తారు. అలా చేస్తే డాకర్ కంటైనర్ల మధ్య కాపలా, ప్రాక్స్‌మాక్స్ సొంత ఫైర్‌వాల్ దెబ్బతింటాయి.

శాశ్వతంగా అయితే నా మాట ఒకటే: చిన్న సర్వర్‌లో డాకర్‌ను హోస్ట్ మీద పెట్టకండి. దానికో వర్చువల్ మెషిన్ ఇవ్వండి, అందులో నడవనివ్వండి.

## 8. చిరునామాల తప్పులు

నెట్ కంపెనీ మార్చిన మర్నాడు మెషిన్లన్నీ తెగిపోయాయంటే ముందు సబ్‌నెట్ (ఐపీల వరుస) చూడండి. పాత రూటర్ 192.168.1.1 అయితే, జియో ఫైబర్ రూటర్ మామూలుగా 192.168.29.1తో వస్తుంది. స్టాటిక్ ఐపీ పెట్టిన మెషిన్లు పాత ఊళ్లోనే ఉండిపోతాయి. పది మెషిన్లు మార్చడం కంటే కొత్త రూటర్ లోకల్ ఐపీని 192.168.1.1కు మార్చడం తేలిక.

☐ డిఫాల్ట్ గేట్‌వే (బయటికి దారి ఇచ్చే రూటర్ ఐపీ) ఒక్కటే ఉందా? రెండు కార్డుల్లో రెండు గేట్‌వేలు రాస్తే నెట్ వచ్చిపోతుంటుంది
☐ స్టాటిక్ ఐపీలు రూటర్ డీహెచ్‌సీపీ పూల్‌కు బయట ఉన్నాయా?
☐ అదే ఐపీ ఏ ప్రింటరో, కెమెరానో వాడుతోందా? "ఏఆర్‌పింగ్" కమాండ్‌తో చూడండి
☐ మెషిన్‌కు 192.168.122 వరుసలో ఐపీ వచ్చిందా? అది లిబ్‌వర్ట్ నాట్ నెట్‌వర్క్. లోపల్నుంచి నెట్ వస్తుంది, కౌంటర్ నుంచి మెషిన్ అందదు. కార్డును బీఆర్0కు మార్చండి
☐ ఐపీతో పింగ్ వెళ్తోంది, పేరుతో వెళ్లట్లేదా? బ్రిడ్జ్ జోలికి పోవద్దు, అది డీఎన్ఎస్ (పేరును ఐపీగా మార్చేది) లోపం

## 9. వీల్యాన్, ఎంటీయూ, మ్యాక్‌వీల్యాన్

వీల్యాన్ విషయంలో లోపం ఎక్కువగా స్విచ్ వైపే ఉంటుంది. సర్వర్‌కు వెళ్లే పోర్టు ట్రంక్‌గా (చాలా వీల్యాన్లను మోసేలా) ఉండాలి, మీ వీల్యాన్ నంబరు అందులో అనుమతించి ఉండాలి. టీసీపీడంప్‌లో -ఈ పెడితే వీల్యాన్ 20 అని ట్యాగ్ కనిపిస్తుంది. కనిపించకపోతే స్విచ్ సెట్టింగులు తెరవండి. మేనేజ్‌మెంట్ లేని స్విచ్‌తో వీల్యాన్లు నడపాలని చూడకండి.

చిన్న పేజీలు తెరుచుకుంటాయి, పెద్ద ఫైలు మాత్రం ఎక్కదు. ఇది ఎంటీయూ (ఒక్కో పాకెట్ గరిష్ఠ సైజు) లోపం లక్షణం. మెషిన్ నుంచి "పింగ్ -ఎం డూ -ఎస్ 1472" పెట్టి ఆఫీసులోని ఇంకో కంప్యూటర్‌కు పంపండి (ఎం మాత్రం పెద్దక్షరం). 1472కు హెడర్ల 28 కలిపితే 1500, లోపల అది పోవాలి. పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే) లైను మీద బయటికి 1464 దాకే పోతుంది. ఒంగోలు ఆఫీసుకూ ఫ్యాక్టరీకీ మధ్య వైర్‌గార్డ్ వీపీఎన్ ఉంటే దాని ఎంటీయూ మామూలుగా 1420, అంటే పింగ్ 1392. బ్రిడ్జ్‌కు ఎంటీయూ ప్రత్యేకంగా పెట్టకపోతే, అందులో అన్నిటికన్నా చిన్న ఎంటీయూ ఉన్న పోర్టునే అది అనుసరిస్తుంది.

బ్రిడ్జ్ బదులు మ్యాక్‌వీల్యాన్ (మెషిన్‌ను నేరుగా ఫిజికల్ కార్డుకు కట్టే పద్ధతి) వాడితే హోస్ట్, దాని మెషిన్ ఒకదాన్నొకటి పింగ్ చేసుకోలేవు. అది లోపం కాదు, దాని స్వభావమే అంత. హోస్ట్‌లోనూ ఒక మ్యాక్‌వీల్యాన్ ఇంటర్‌ఫేస్ చేసి ఐపీ దానికివ్వండి, లేదా బ్రిడ్జ్‌కు మారండి.

## 10. కరెంటు పోయి వచ్చాక మాత్రమే వచ్చే లోపం

గాలివానకు రాత్రి కరెంటు పోతుంది, యూపీఎస్ ఖాళీ అవుతుంది, తెల్లారి కరెంటు వస్తుంది. సర్వర్ లేచి మెషిన్లను లేపేసరికి ఫైబర్ బాక్సు, రూటర్ ఇంకా సగంలోనే ఉంటాయి. విండోస్ మెషిన్ 169.254తో మొదలయ్యే ఐపీ తనకు తానే పెట్టుకుని కూర్చుంటుంది. ఆఫీసు తెరిచేవాళ్లు సర్వర్ పాడైందని ఫోన్ చేస్తారు.

ముఖ్యమైన మెషిన్లకు స్టాటిక్ ఐపీ ఇవ్వండి. ప్రాక్స్‌మాక్స్‌లో ప్రతి మెషిన్‌కు లేచే వరుస, మధ్యలో ఆగాల్సిన సెకన్లు పెట్టే వీలుంది, వాడుకోండి. స్విచ్‌నూ రూటర్‌నూ కూడా యూపీఎస్ మీదికి తెండి. సర్వర్ ఒక్కదాన్నే బతికించి లాభం లేదు.

## 11. సరిచేశాక చేయాల్సిన పరీక్ష

"ఐపీ" కమాండ్లతో చేసిన ఏ మార్పూ రీబూట్ తర్వాత ఉండదు. పనిచేసిందని వెళ్లిపోతే వచ్చే పవర్ కట్‌కు మళ్లీ మొదటికొస్తుంది. మార్పును ఫైలులో రాశాక ఈ వరుసలో చూడండి:

☐ హోస్ట్ పూర్తి రీబూట్, ఎవరూ ముట్టుకోకుండా అన్నీ లేచాయి
☐ "బ్రిడ్జ్ లింక్"లో కార్డు, అన్ని ట్యాప్‌లు ఉన్నాయి
☐ కౌంటర్ నుంచి ప్రతి మెషిన్‌కు, ప్రతి మెషిన్ నుంచి గేట్‌వేకు పింగ్ వెళ్తోంది, పింగ్ ఆపేసిన విండోస్‌లో సాఫ్ట్‌వేరే తెరిచి చూశాం
☐ ఒక పెద్ద ఫైలు కాపీ చేశాం, మధ్యలో ఆగలేదు
☐ స్విచ్, రూటర్, సర్వర్ మూడింటినీ ఒకేసారి ఆపి లేపాం, అప్పుడూ వచ్చింది

2వ భాగంలో రాసుకున్న కాగితాన్ని సరిదిద్ది, తేదీ వేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి సర్వర్ పక్కనే అంటించండి. పాస్‌వర్డులు మాత్రం దాని మీద రాయకండి.